తెవికీలో (తెలుగు వికీపీడియాలో) స్త్రీల వ్యాసాలు నిలబడాలంటే: బెజవాడ, గుంటూరు వాళ్లు ఎడిటథాన్ పెట్టుకోవడం ఎలా?

ప్రతి మార్చిలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. "మా కాలేజీలో మహిళా దినోత్సవానికి నలభై మందిని కూర్చోబెట్టి నలభై వ్యాసాలు రాయించాం. వారం తిరిగేసరికి సగం తీసేశారు, మిగతా వాటికి ఏవేవో హెచ్చరిక పట్టీలు తగిలించారు. ఏం తప్పు చేశాం?"

తప్పు రాసిన రోజున జరగలేదు, దానికి ముందు మూడు వారాల్లో జరిగింది. ఎడిటథాన్‌లో, అంటే అందరూ ఒకచోట కూర్చుని వికీ వ్యాసాలు రాసే సభలో, ముప్పాతిక పని కంప్యూటర్ ముందు కూర్చోకముందే అయిపోవాలి. మూలాలు చేతిలో లేకుండా కూర్చుంటే ఎవరైనా గూగుల్‌లో దొరికినదే అతికిస్తారు, అది నిలబడదు.

వికీలో లేని వ్యాసానికి లింకు ఇస్తే ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎర్ర లింకుల్ని నీలంగా మార్చడానికి ఇంగ్లీషు వికీలో 2015లో 'విమెన్ ఇన్ రెడ్' అనే ప్రాజెక్టు పెట్టారు. అప్పటికి అక్కడి జీవిత చరిత్రల్లో స్త్రీలవి 15 శాతం చిల్లర, ఇప్పుడు 20 శాతం దాకా వచ్చాయి. ఇన్నేళ్ల పనికి ఆ నాలుగైదు శాతమే కదలిక. కాబట్టి ఒక్క ఆదివారంలో లెక్క సరిచేద్దామని బయలుదేరకండి. ఇరవై మందితో ఎనిమిది నుంచి పది వ్యాసాలు, అవి ఏడాది తరవాత కూడా ఉండేట్టు. దీన్నే లక్ష్యంగా పెట్టుకోండి.

కావలసినవి

- 15 నుంచి 20 మంది. అంతకు మించితే చూసుకునేవాళ్లు చాలరు.
- ప్రతి ఐదుగురికి ఒకరు చొప్పున, తెవికీలో కనీసం కొన్ని నెలలుగా రాస్తున్నవాళ్లు. ఇలాంటి వాళ్లు ఊళ్లో లేకపోతే తెవికీ చర్చావేదిక అయిన రచ్చబండలో అడగండి. రాలేనివాళ్లు ఆ రోజు ఇంటి నుంచే వెనక నిలబడి సరిదిద్దుతారు.
- ఇద్దరికి ఒక ల్యాప్‌టాప్. ఫోనులో రాయొచ్చు గానీ మూలాలు చేర్చడం, సమాచారపెట్టె (వ్యాసం పక్కన కనిపించే వివరాల పట్టిక) పెట్టడం ఫోనులో నరకం.
- ఎక్స్‌టెన్షన్ బాక్సులు నాలుగు, ఒక వైఫై, అది పోతే వాడుకోవడానికి వేరే కంపెనీ సిమ్ ఉన్న రెండు ఫోన్లు.
- 25 నుంచి 30 పేర్ల జాబితా, ఒక్కో పేరుకు ఒక కవరు. కవరులో ఏముండాలో రెండో మెట్టులో ఉంది.
- మంచినీళ్లు, మధ్యాహ్నం భోజనం. పులిహోర పొట్లాలైనా సరే. ఆకలేస్తే మొదట మూలాలు ఇవ్వడం మానేస్తారు.

తేదీ గురించి ఒక మాట. మార్చి 8నే పెట్టాలని పట్టుబట్టకండి. ఆ వారం పిల్లలు పరీక్షల హడావుడిలో ఉంటారు, అనుభవమున్న వికీపీడియన్లను అందరూ ఒకేసారి పిలుస్తుంటారు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకు ల్యాప్‌టాప్‌ల కన్నా ముందు మనుషులు వేడెక్కుతారు. జూలై, ఆగస్టు లేదా నవంబరు హాయి.

1. పేర్లు ఏరండి (మూడు వారాల ముందు)

మొదట మన చుట్టుపక్కల చూడండి. తెవికీలో ఊళ్ల వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో 'ప్రముఖులు' అనే విభాగం తెరిచి చదవండి. కృష్ణా, గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాల ఊళ్లు ఓ యాభై చూస్తే చాలు, ఆ విభాగాల్లో ఆడవాళ్లు ఎంత పలచగా ఉన్నారో లెక్క మీ చేతిలోకే వస్తుంది. ఆ ఊళ్లలో పుట్టిన రచయిత్రులు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లినవాళ్లు, శాసనసభ్యులు, జడ్పీ చైర్‌పర్సన్లు, క్రీడాకారిణులు, రంగస్థల నటీమణులు, శాస్త్రవేత్తలు ఎవరెవరో రాసుకోండి.

పేరు దొరకగానే మూడు చోట్ల వెతకాలి: తెవికీలో, ఇంగ్లీషు వికీలో, వికీడేటాలో (అన్ని భాషల వికీలకూ వివరాలు ఒకచోట దాచే ప్రాజెక్టు). వెతికేటప్పుడు పేరును కనీసం నాలుగు రకాలుగా కొట్టండి. ఇది ఆడవాళ్ల విషయంలో మరీ ముఖ్యం. ఒకే మనిషి పుట్టింటి పేరుతో ఒకచోట, మెట్టినింటి పేరుతో మరోచోట, ఇంటిపేరే లేకుండా ఇంకోచోట కనిపిస్తుంది.

ఇద్దరు అచ్చమాంబల్నే చూడండి. ఒకరు రచయిత్రి భండారు అచ్చమాంబ (1874–1905). నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో కొమర్రాజు వారి ఆడపడుచు, భండారు వారి కోడలు. ఆమె పేరు 'బండారు' అని కూడా అచ్చవుతుంటుంది. రెండోవారు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964), బెజవాడలో ప్రాక్టీసు చేసిన వైద్యురాలు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన సభ్యురాలు. మొదటామె తమ్ముడైన కొమర్రాజు లక్ష్మణరావు కూతురే ఈమె, అంటే మేనత్త, మేనకోడలు. పుట్టింటి పేరుతో వెతికితే మొదటామె జీవితమంతా రెండోవారి ఖాతాలో పడే ప్రమాదముంది. పైగా పార్లమెంటు రికార్డుల్లో రెండోవారి పేరు ఇంగ్లీషులో 'చ'కు ముందు 'టి' అక్షరం చేర్చి ఉంటుంది. ఆ 'టి' లేకుండా వెతికితే దొరకదు.

కొత్త వ్యాసాలే రాయాలని లేదు. ఉన్నవాటిని తాజా చేయడమూ అంతే విలువైన పని. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చదరంగ టైటిల్ గెలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం నెగ్గిన భారత మహిళల జట్టులో ఉంది. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఇలాంటివాళ్ల వ్యాసాలు తెరిచి, చివరి దిద్దుబాటు ఎప్పటిదో, ఆ విజయాలు అందులో చేరాయో లేదో చూడండి. చదరంగం, విలువిద్య తెలిసిన పిల్లలకు ఈ పని ఇస్తే కళ్లు మెరుస్తాయి.

2. కవర్లు నింపండి (రెండు వారాల ముందు)

ఇదే అసలు మెట్టు. ఒక్కో పేరు కవరులో కనీసం మూడు స్వతంత్ర మూలాలు ఉండాలి. స్వతంత్రం అంటే ఆ మనిషీ, ఆమె కుటుంబమూ, ఆమె పనిచేసిన సంస్థా రాయించుకోనిది.

పనికొచ్చేవి: పత్రికల్లో వచ్చిన సమగ్ర వ్యాసాలు, పేరున్న ప్రచురణ సంస్థల పుస్తకాలు, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాలు, లోక్‌సభ, శాసనసభ రికార్డులు, క్రీడా సమాఖ్యల ఫలితాలు. రచయిత్రుల కథల వివరాలకు శ్రీకాకుళం కథానిలయం సైటు బంగారం. పాత పత్రికలకు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్ ఉంది. గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక లాంటివి అందులో ఎక్కించారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి, కాకపోతే పేర్లు ఇంగ్లీషులో వంకర టింకరగా ఎక్కించారు. ఓపిక ఉండాలి.

అంతర్జాలంలో లేనివాటికి గ్రంథాలయాలకు కదలండి. బెజవాడలో రామ్మోహన్ గ్రంథాలయం, ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం. వెళ్లేముందు వారపు సెలవు ఏ రోజో ఫోను చేసి కనుక్కోండి. పుస్తకం దొరికితే మూడు ఫొటోలు తీయండి: ముఖపత్రం, లోపల ప్రచురణ వివరాలున్న పేజీ, సమాచారమున్న పేజీ. రెండోది తీయడం అందరూ మరిచిపోతారు. తీరా రాసే రోజున ప్రచురించిన ఏడాది, ప్రచురణకర్త పేరు లేక మూలం కుంటుతుంది.

పనికిరానివి: ఫేస్‌బుక్ పోస్టులు, యూట్యూబ్ ఇంటర్వ్యూల థంబ్‌నెయిళ్లు, వాట్సాప్ ఫార్వర్డులు, సన్మాన పత్రాలు, అభినందన సంచికలు, కాలేజీ వెబ్‌సైటులో పెట్టిన బయోడేటా. జిల్లా ఎడిషన్‌లో 'ఫలానా వారికి ఘన సన్మానం' అని వచ్చిన నాలుగు లైన్ల వార్త కూడా ప్రాధాన్యతను (వికీలో వ్యాసం ఉండదగ్గ అర్హతను) నిరూపించదు. ఆమెకు ఆ రోజు శాలువా కప్పారని మాత్రమే అది చెబుతుంది.

ఇంకో గోతి ఉంది. మహిళా దినోత్సవం నాడు పత్రికల్లో వచ్చే 'మన ధీర వనితలు' వ్యాసాలు చాలాసార్లు వికీపీడియాలోంచి దించుకున్నవే. వాటినే మళ్లీ వికీలో మూలంగా పెడితే పాము తన తోక తాను మింగినట్టు. పత్రిక తేదీనీ వికీ పేజీ చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది: వాక్యం ముందు వికీలో ఉంటే ఆ పత్రిక వ్యాసం కవరులోంచి తీసేయండి.

మూడు మూలాలు రాని పేరును పక్కన పెట్టండి. ఆమె గొప్పది కాదని కాదు, ఇంకా ఎవరూ రాయలేదని. 2018 మే నెలలో కెనడా భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ మీద ఇంగ్లీషు వికీలో ఎవరో పెట్టిన చిత్తుప్రతిని సరైన మూలాలు లేవని తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది. వికీ తీరు అంతే, లోకం రాసిన తరవాతే అది రాస్తుంది. అలాంటి పేర్లు మన దగ్గరా ఉంటాయి. వాళ్ల మీద ముందు పత్రికలకు వ్యాసాలు రాయించండి.

3. ఖాతాలు ముందే తెరిపించండి (వారం ముందు)

ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీద 24 గంటల్లో ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వదు. హాల్లో ఇరవై మందీ ఒకే వైఫై మీద మొదలుపెడితే ఏడో మనిషి దగ్గర బండి ఆగిపోతుంది. అందుకని అందరూ ఇంటి దగ్గరే తెరుచుకు రావాలి. తప్పని పరిస్థితైతే వికీమీడియా వాళ్లకు ముందే చెప్పి ఆ పరిమితి సడలింపు అడగొచ్చు, దానికి కనీసం వారం సమయమివ్వండి.

- ఈమెయిల్ తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే సంకేతపదం మరిచిపోయిన రోజున ఆ ఖాతా పోయినట్టే.
- వాడుకరి పేరుగా కాలేజీ పేరు, సంఘం పేరు వద్దు. ఒక ఖాతా ఒక్క మనిషిదే.
- ఫోను నంబరు, పుట్టినతేదీ పేరులో చేర్చవద్దు. అమ్మాయిలకు ఇది రెండుసార్లు చెప్పండి. అసలు పేరుతో రాయాల్సిన పనే లేదు.
- తెరిచాక తమ ప్రయోగశాల పేజీలో (చిత్తుగా రాసుకునే సొంత పేజీలో) రెండు వాక్యాలు రాసి ప్రచురించమనండి. కొన్ని మొబైల్ నెట్‌వర్కుల ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) మీద నిరోధాలుంటాయి. ఆ సంగతి ముందే బయటపడితే ఆ రోజు వేరే కనెక్షన్ చూసుకోవచ్చు.

టైపింగు కూడా ఇంటి దగ్గరే అలవాటు కావాలి. వికీలో రాసే పెట్టెలోనే తెలుగు కీబోర్డు ఉంటుంది. కంట్రోల్, ఎమ్ మీటలు కలిపి నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారతాయి. ఫోనులో నోటితో చెప్పి రాయించి తరవాత ల్యాప్‌టాప్‌లో సరిదిద్దుకున్నా తప్పులేదు. పెద్దవాళ్లకు అదే సుఖం.

4. ఆ రోజు: జంటలుగా కూర్చోబెట్టండి

పది గంటలకు మొదలు. ఉపన్యాసాలు ఇరవై నిమిషాల్లో ముగించాలి, ముఖ్య అతిథి ఉన్నా సరే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలతో పదకొండున్నర అయిన సభలో మూడు వ్యాసాలు కూడా పూర్తికావు.

జంటలో ఒకరు కవరు చదివి విషయం చెబుతారు, మూలం వివరాలు అందిస్తారు. రెండోవారు రాస్తారు. భోజనం తరవాత తారుమారు. జంటకు ఒక్క వ్యాసమే. తమ ప్రిన్సిపాలు గారి మీద, తమ బంధువుల మీద, తమ కాలేజీ వ్యవస్థాపకురాలి మీద రాయడానికి ఎవరినీ ఒప్పుకోకండి. ఎంత నిజాయితీగా రాసినా అది ప్రచారంగానే వాసన వేస్తుంది.

రాయడం ప్రయోగశాలలో మొదలవ్వాలి. నేరుగా అసలు పేజీలో ఒక్క లైను రాసి భోజనానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి తొలగింపు పట్టీ పడి ఉంటుంది.

5. మొదటి వాక్యం

ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కొత్తవాళ్లు రాసే మొదటి వాక్యం ఇలా ఉంటుంది:

"శ్రీమతి డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు సుప్రసిద్ధ పండితులు కొమర్రాజు లక్ష్మణరావు గారి కుమార్తె, గొప్ప సంఘ సేవకురాలు, స్త్రీ జాతికే ఆణిముత్యం."

ఇందులో ఆమె ఏం చేసిందో ఒక్క ముక్క లేదు. ఇలా మార్చండి:

"కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) విజయవాడకు చెందిన వైద్యురాలు, రాజకీయ నాయకురాలు. ఆమె 1957లో విజయవాడ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికైంది."

తండ్రి పేరు ఎక్కడికీ పోదు, 'జీవిత విశేషాలు' విభాగంలోకి వెళుతుంది. పరీక్ష సులువు: మొదటి రెండు వాక్యాల్లో తండ్రి, భర్త, కొడుకుల పేర్లు చేత్తో మూసేసి చదవండి. ఆమె ఎవరో ఇంకా తెలుస్తుంటే వాక్యం బాగున్నట్టు.

'గారు' తీసేయడానికి మనవైపు వాళ్లకు ప్రాణం ఒప్పదు. తెవికీలో ఏకవచనమే పద్ధతి, ఎవరికైనా సరే. 'రాశారు' కాదు, 'రాసింది'. మగవాళ్లకూ అంతే: 'రాశాడు'. ఇది అగౌరవం కాదని మొదటే చెప్పేయండి, లేకపోతే మధ్యాహ్నం దాకా ఇదే చర్చ. ఒక ఇబ్బంది మాత్రం నిజమే: ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ తెలుగులో ఒకటే క్రియ. "సంఘం స్థాపించింది, అది పెరిగింది, విరాళాలు ఇచ్చింది" అంటే ఇచ్చింది ఆమా, సంఘమా? అలాంటిచోట 'ఆమె' అని మళ్లీ రాయండి.

6. ఒంట్లో కండ: ఎంత, ఎలా

2048 బైట్ల కన్నా చిన్న వ్యాసాన్ని తెవికీలో మొలక అంటారు. అది చాలా పెద్దదేమో అనుకోకండి. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'అచ్చమాంబ' అన్న ఒక్క మాటే అచ్చులు, హల్లులు, గుణింతం, సున్నా, వత్తు కోసం పొల్లు కలిపి ఎనిమిది గుర్తులు, అంటే 24 బైట్లు. ఎనభై తొంభై మాటలు రాస్తే మొలక గీత దాటేస్తారు. మీరు అక్కడ ఆగకుండా 250 నుంచి 300 మాటలు రాయండి, నాలుగు పేరాలుగా: పుట్టుకా చదువూ, చేసిన పని, గుర్తింపులు, చివరి రోజులు. రెండో పేరా మిగతా మూడింటినీ కలిపినంత ఉండాలి.

ప్రతి పేరాకూ కనీసం ఒక మూలం. విజువల్ ఎడిటర్‌లో కొటేషన్ గుర్తున్న మీట నొక్కి వెబ్ లింకు అతికిస్తే చాలావరకు అదే నింపుకుంటుంది. తెలుగు పత్రికల లింకులకు మాత్రం శీర్షిక తప్పుగానో ఖాళీగానో వస్తుంది, చేత్తో దిద్దాలి. అచ్చు పత్రికైతే పత్రిక పేరు, తేదీ, ఏ ఎడిషన్, పేజీ సంఖ్య. ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు చచ్చిపోతాయి కాబట్టి వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైటులో) భద్రపరిచి ఆ లింకు కూడా ఇవ్వండి. పేజీ చివర 'మూలాలు' అని శీర్షిక పెట్టి మూలాలజాబితా మూస (మూలాలన్నీ ఒకచోట చూపించే సిద్ధరూపం) చేర్చడం మరవకండి.

జిల్లా పేర్ల దగ్గర జాగ్రత్త. రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ 1896లో బాపట్లలో పుట్టింది. ఆనాటికి గుంటూరు జిల్లాయే లేదు, అది 1904లో ఏర్పడింది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్లే ఒక జిల్లా. 'గుంటూరు జిల్లా బాపట్లలో జన్మించింది' అని రాస్తే ఆనాటికీ తప్పే, ఈనాటికీ తప్పే. 'బాపట్లలో (ప్రస్తుత బాపట్ల జిల్లా) జన్మించింది' అంటే గొడవ లేదు.

పుట్టినతేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే మీకు నచ్చింది ఎంచుకోకండి. నటి సావిత్రి పుట్టిన సంవత్సరమే ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. అలాంటప్పుడు రెండూ రాసి, రెండింటికీ మూలాలివ్వండి.

'తొలి', 'మొట్టమొదటి', 'ఏకైక' అన్న మాట కనిపించినచోటల్లా చెయ్యి ఆపండి. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' 1902లో వచ్చింది. గురజాడ కథ 1910లో. ఏది తొలి తెలుగు కథ అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. వ్యాసంలో సంవత్సరాలు పెట్టి, ఎవరు ఏమన్నారో మూలంతో చెప్పి ఊరుకోండి. (గురజాడ ఆ కథ పేరు 'దిద్దుబాటు'. వికీలో మనం చేసే ప్రతి మార్పునూ అదే పేరుతో పిలుస్తారు.)

బతికున్నవాళ్ల విషయంలో ఇంటి చిరునామా, ఫోను, కులం, పిల్లల పేర్లు, మూలం లేని ఆరోపణలు: ఏదీ వద్దు. తెలిసినా వద్దు.

7. అనువదిస్తుంటే

ఇంగ్లీషు వ్యాసం ఉంటే అనువాద పరికరంతో గంటలో అయిపోతుందనిపిస్తుంది. అయిపోతుంది, కానీ "ఆమె ఇద్దరు కుమారులచే బ్రతికించబడింది" అని వస్తుంది. ఇంగ్లీషులో 'సర్వైవ్డ్ బై' అన్నదానికి యంత్రం చేసిన అనువాదం అది. ఆమె చనిపోయిందనీ, ఆమెకు ఇద్దరు కొడుకులున్నారనీ దాని భావం! యంత్రం ఇచ్చిన ప్రతి వాక్యాన్నీ మూసేసి, విషయం గుర్తుంచుకుని, మీ మాటల్లో మళ్లీ రాయండి. 'బడింది', 'చేత', 'ద్వారా' ఎక్కువగా కనిపిస్తుంటే ఇంకా యంత్రమే మాట్లాడుతున్నట్టు. ఇంగ్లీషు పేజీలోని మూలాలను గుడ్డిగా మోసుకురాకండి. ఒక్కో లింకూ తెరిచి, వాక్యంలో ఉన్నది అక్కడ నిజంగా ఉందో చూడండి.

8. బొమ్మ

గూగుల్‌లో దొరికిన ఫొటో, పత్రికలో ఫొటో, సినిమా స్టిల్ కామన్స్‌లోకి (అన్ని వికీలకూ ఉమ్మడి బొమ్మల భాండాగారంలోకి) ఎక్కిస్తే గంటల్లో పోతుంది, మీ ఖాతాకు మచ్చ. గోడ మీద ఫ్రేములో ఉన్న పాత ఫొటోను మీ ఫోనుతో తీసినా అది మీదైపోదు. దారులు ఇవి: మనిషి సభకు వస్తే మీరే ఫొటో తీసి మీ ఖాతాతో ఎక్కించండి. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహం ఉంటే దాని ఫొటో తీయొచ్చు, మన కాపీహక్కు చట్టం ఒప్పుకుంటుంది. చనిపోయినవారికి వేరే ఉచిత బొమ్మ దొరకనప్పుడు, కామన్స్‌లో కాకుండా తెవికీలోనే సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్) కింద చిన్న సైజు బొమ్మ ఒకటి పెట్టొచ్చు. బొమ్మ లేకపోతే కొంప మునగదు, దానికోసం గంట తగలేయకండి.

9. ప్రచురించి, ముడులు వేయండి

ప్రయోగశాల నుంచి అసలు పేజీకి తరలించే ముందు జంటలు కాగితాలు మార్చుకున్నట్టు వ్యాసాలు మార్చుకుని చదవాలి. తరలించాక నాలుగు పనులున్నాయి. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి వెళ్లే తొందరలో అందరూ వదిలేసేవి ఇవే:

దారిమార్పులు: పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పొట్టి పేరు, స్పెల్లింగు తేడాలు, ఒక్కోదానికి ఒక్కో దారిమార్పు పేజీ (ఆ పేరు కొడితే అసలు వ్యాసానికి చేర్చేది). శీర్షికలో మాత్రం 'డాక్టర్', 'శ్రీమతి' ఉండకూడదు.

వర్గాలు: పుట్టిన సంవత్సరం, మరణించిన సంవత్సరం, వృత్తి, ప్రాంతం. లేని వర్గం కొత్తగా పుట్టించకండి. అలాంటివాళ్ల పాత వ్యాసం ఒకటి తెరిచి, అడుగున ఏ వర్గాలున్నాయో చూసి అవే వాడండి.

లోపలికి లింకులు: కనీసం మూడు వేరే వ్యాసాల నుంచి. ఆమె ఊరి పేజీలో 'ప్రముఖులు' విభాగం, ఆమె చదివిన కళాశాల పేజీ, నియోజకవర్గం పేజీ. ఇవి లేకపోతే ఆ వ్యాసం అనాథే, ఎవరి కంటా పడదు.

వికీడేటా: ఇంగ్లీషు వ్యాసముంటే దానితో కలపండి, లేకపోతే కొత్త అంశం తెరవండి. ఆ అంశం 'మనిషి' అన్న వివరం, వృత్తి, పుట్టిన తేదీ, ముఖ్యంగా లింగం నింపండి. స్త్రీల వ్యాసాల శాతం లెక్కగట్టే పరికరాలు వికీడేటానే చూస్తాయి. అక్కడ లింగం ఖాళీగా ఉంటే మీరు రాసిన వ్యాసం స్త్రీల లెక్కలోకే రాదు.

పట్టీ పడితే

తొలగింపు పట్టీ పడగానే దాన్ని చెరిపేయకండి, పదిమంది స్నేహితులతో 'ఉంచండి ప్లీజ్' అని రాయించకండి. రెండూ ఎదురుతంతాయి. పట్టీలో కారణం చదవండి. ప్రాధాన్యత అంటే ఇంకో రెండు స్వతంత్ర మూలాలు చేర్చి, ఏమేం చేర్చారో చర్చా పేజీలో రెండు లైన్లలో చెప్పి సంతకం పెట్టండి. కాపీహక్కు అంటే వాదించకుండా ఆ భాగం తీసేసి సొంతమాటల్లో రాయండి. పత్రిక వాక్యాలను అటూ ఇటూ తిప్పి రాసినా కాపీయే. విషయం ఎవరి సొత్తూ కాదు, వాక్యం మాత్రం రాసినవాళ్లది. సమయం కావాలంటే వ్యాసాన్ని మళ్లీ మీ వాడుకరి స్థలంలోకి తరలించమని అడగండి, సాధారణంగా కాదనరు.

ఫలితం చూసుకోవడం

మర్నాడు: ప్రతి వ్యాసం పేజీ చరిత్ర తెరిచి, ఎవరైనా దిద్దారేమో చూడండి. దిద్దినవాళ్ల సారాంశం చదివితే మీ వాళ్లు మళ్లీ మళ్లీ చేసే తప్పేదో తెలుస్తుంది. అన్ని వ్యాసాలూ ఎడిటథాన్ నడిపినవాళ్ల వీక్షణ జాబితాలోకి (మార్పు జరిగితే చూపించే జాబితాలోకి) చేర్చండి.

వారానికి: 'ఇక్కడికి లింకున్న పేజీలు' నొక్కండి. మూడు కన్నా తక్కువ కనిపిస్తే ముడులు వేయలేదన్నమాట. ప్రతి మూలం లింకూ ఒకసారి తెరవండి. గూగుల్‌లో పేరు తెలుగులోనూ, మెట్టినింటి పేరుతోనూ కొట్టి వ్యాసం వస్తోందో చూడండి.

నెలకు: పట్టిక వేయండి. ఎన్ని రాశారు, ఎన్ని ఉన్నాయి, ఎన్నింటికి పట్టీలున్నాయి, వచ్చిన ఇరవై మందిలో ఎంతమంది ఆ రోజు తరవాత ఒక్క దిద్దుబాటైనా చేశారు. పదికి తొమ్మిది నిలబడితే కవర్లు బాగా నింపారు. ఆరు కన్నా తగ్గితే రెండో మెట్టు మళ్లీ చదవండి. చివరి అంకె రెండో మూడో వస్తే నిరాశపడకండి, మామూలుగా వచ్చేది అంతే. ఆ ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి, రాయకుండా మిగిలిపోయిన కవర్లు వాళ్ల చేతిలో పెట్టండి.

మూలాలు చాలక పక్కన పెట్టిన పేర్ల జాబితాను ప్రాజెక్టు పేజీలో ఎర్ర లింకులుగానే ఉంచి, ఒక్కోదాని పక్కన మీకు దొరికిన ఒకటో రెండో మూలాలు రాసి పెట్టండి. మూడోది తెనాలిలోనో, మచిలీపట్నంలోనో ఎవరి బీరువాలోనైనా ఉండొచ్చు.